తుఫాను రాకముందే ఇల్లు విడవాలా?

ఈరోజు మనం ధ్యానించుకునే సంగతి మన అనకాపల్లి జిల్లాలో సముద్రపు ఒడ్డున కాపురముండే ప్రతి కుటుంబానికీ సంబంధించినది. పూడిమడక, బంగారమ్మపాలెం, రేవుపోలవరం, రాజయ్యపేట, పెంటకోట, ఈ ఊళ్లలో మీరుంటే, లేక మీ అమ్మాయిని ఆ ఊళ్లకు ఇచ్చి ఉంటే, ఈ మాటలు మీకోసమే. అనకాపల్లి పట్నంలో, సముద్రానికి దూరంగా ఉన్నవారు పేజీ తిప్పేయకండి. మీరు చేయవలసిన పని కూడా ఒకటుంది.

తుఫాను వస్తోంది, ఊరు ఖాళీ చేయండి అని అధికారులు చెప్పినప్పుడు మీరు కదలాలా, ఉండిపోవాలా? ఇదే ప్రశ్న.

ఆ చాటింపు వేసే రోజు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చాలాసార్లు ఆ పూట ఎండ కాస్తూనే ఉంటుంది. సముద్రం కాస్త పొంగినట్టున్నా భయపడేంత ఉండదు. వీఆర్వో గారు ఇంటింటికీ తిరిగి చెబుతారు. సాయంత్రానికి బస్సు వచ్చి రామాలయం దగ్గరో బడి దగ్గరో నిలబడుతుంది. ఆడవాళ్లు మూట కట్టడం మొదలుపెడతారు. అప్పుడు అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకాయన, "ఇలాంటివి ఎన్ని చూశాం బాబూ! హుద్‌హుద్‌కే ఏమీ కాలేదు, దీనికి అవుతుందా?" అంటాడు. ఆ ఒక్క మాటతో సగం వీధి ఆగిపోతుంది.

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే చూశాడు. అయితే ఆయన ఏమి చూశాడో మనం కొంచెం జాగ్రత్తగా తెలుసుకోవాలి.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 7న అండమాన్ సముద్రంలో వాయుగుండంగా మొదలైంది. మరునాడు తుఫానుగా మారి అండమాన్ దీవులు దాటింది. 12వ తేదీ మధ్యాహ్నం విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రోజు ఆదివారం. మనవాళ్లు ఆరాధనకు కూడుకునే వేళకే గాలి విజృంభించింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి విశాఖ విమానాశ్రయం పైకప్పు కూడా చిరిగిపోయింది. సెల్‌ఫోన్లు మూగబోయాయి. అనకాపల్లి చుట్టుపక్కల చెరకు, అరటి, జీడిమామిడి తోటలు నేలకు ఒరిగాయి. ఇవన్నీ మీకు తెలిసినవే.

అంత గాలి వీచినా పూడిమడక మీదికి నీరు పెద్ద గోడలా ఎందుకు రాలేదు? ఈ సంగతి చాలామందికి తెలియదు. చేతులతో చేసి చూస్తే సులువుగా అర్థమౌతుంది.

మీరే తుఫాను అనుకోండి. సముద్రంలో నిలబడి ఒడ్డు వైపు, అంటే పడమర వైపు చూస్తూ నడిచి వస్తున్నారు. మీ కుడిచేయి భీమిలి వైపు, ఎడమచేయి పాయకరావుపేట వైపు ఉంటాయి. మన ప్రాంతంలో తుఫాను గాలి గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిరుగుతుంది. కాబట్టి మీ కుడిచేతి వైపున గాలి సముద్రం మీదినుంచి నేల మీదికి వీస్తుంది. నీటిని ఊరి మీదికి తోస్తుంది. ఎడమచేతి వైపున గాలి నేల మీదినుంచి సముద్రంలోకి వీస్తుంది. నీటిని వెనక్కి నెడుతుంది. ఒకే తుఫాను, రెండు చేతులు, రెండు రకాల పని.

హుద్‌హుద్ నడిబొడ్డు విశాఖపట్నం దగ్గర నేలను తాకింది. మన ఊళ్లు దానికి దక్షిణాన, ఎడమచేతి వైపున పడ్డాయి. విశాఖ రేవులో కూడా నీరు మామూలు కంటే సుమారు 1.4 మీటర్లే పెరిగింది. ఆ తుఫానే మరికొంత దక్షిణాన, పాయకరావుపేట మీదుగా దాటి ఉంటే, పూడిమడక కుడిచేతి కిందికి వచ్చేది. అరుగు మీది పెద్దాయన చూసింది హుద్‌హుద్ ఎడమచేయి. కుడిచేయి ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. చూసిన ఊళ్లలో చెప్పడానికి మిగిలినవారు తక్కువ.

కుడిచేయి చూసిన ఊళ్లు కృష్ణా జిల్లాలో ఉన్నాయి. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన అయిదు మీటర్లకు మించి లేచింది. ఒక మనిషి ఎత్తు కాదు, ముగ్గురు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడినంత ఎత్తు. చనిపోయినవారు పదివేలకు పైనే. ఉప్పెన వస్తుంది, లేవండి అని ఊరూరా తిరిగి మనుషులను లేపి, బండ్లెక్కించి, ఎత్తు చోటికి చేర్చే ఏర్పాటు అప్పటికి లేదు.

ఇప్పుడు 1990 మే నెల చూడండి. 9వ తేదీన అదే కృష్ణా ముఖద్వారం ప్రాంతంలో, దాదాపు అంత బలమున్న తుఫానే తీరం దాటింది. ఈసారి ముందుగానే చెప్పారు, పెద్ద ఎత్తున జనాన్ని తరలించారు. మరణాలు వెయ్యి లోపున ఆగాయి. వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. ప్రతి ఒక్కరూ ఒక ఇంటివారే. కానీ పదివేలకూ దానికీ మధ్య ఉన్న తేడా గాలి తగ్గడం వల్ల రాలేదు, మనుషులు కదలడం వల్ల వచ్చింది. ఒడిశాలో కూడా ఇలాగే జరిగింది. 1999 అక్టోబరులో వచ్చిన పెను తుఫానుకు సుమారు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చేసరికి దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. ప్రాణనష్టం కొన్ని పదుల్లో ఆగింది.

మధ్యలో 1996 నవంబరు 6 ఉంది. కోనసీమ. అది చిన్న చుట్టుకొలత గల తుఫాను, వేగంగా వచ్చింది. వెయ్యిమందికి పైగా పోయారు. వారిలో చాలామంది వేటకు వెళ్లిన మత్స్యకారులు. హెచ్చరిక ఉన్న కాలంలోనే ఇది జరిగింది. కాబట్టి ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి కదా, ఫోన్లున్నాయి కదా అని ధీమాగా ఉండకండి. హెచ్చరిక మిమ్మల్ని మోసుకుపోదు. నడవవలసింది మీ కాళ్లే.

"అయితే ప్రతిసారీ మమ్మల్ని లేపుతున్నారు, ప్రతిసారీ అది ఇంకెక్కడో దాటుతోంది" అంటారు మీరు. న్యాయమైన మాటే. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు మన జిల్లాను కూడా అప్రమత్తం చేశారు. అది 28వ తేదీ రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మనకు వాన మిగిలింది. అప్పుడు "చూశారా, ఊరికే హడావుడి" అన్నవారున్నారు.

కానీ ఆలోచించండి. ఒక రోజు ముందు తుఫాను దారిని లెక్కగట్టినప్పుడు, చెప్పిన చోటికీ అసలు తాకిన చోటికీ కొన్ని పదుల కిలోమీటర్ల తేడా రావచ్చు. కుడిచేయి మీ మీద పడుతుందా, ఎడమచేయి పడుతుందా అనేది ఆ కొన్ని పదుల కిలోమీటర్లలోనే ఉంది. పక్కాగా తేలేదాకా ఆగితే, తేలేసరికి రోడ్డు మీద నీళ్లుంటాయి. అందుకే పది ఊళ్లు దెబ్బతినేచోట ముప్పై ఊళ్లను లేపుతారు. ఆ ఇరవై ఊళ్లవారు మోసపోలేదు. వారికి ఒక రాత్రి నిద్ర పోయింది, అంతే.

మరి ఎప్పటికి లేవాలి? వాతావరణ శాఖవారు మొదట మూడు రోజుల ముందు ఒక సూచన ఇస్తారు. రెండు రోజుల ముందు అప్రమత్తం చేస్తారు, దానికి పసుపు రంగు. ఒక రోజు ముందు హెచ్చరిక, నారింజ రంగు. చివరి పన్నెండు గంటలకు ఎరుపు. రేవుల్లో ఎగరేసే నంబర్లు వేరు. అవి ఓడలవారికోసం పెట్టినవి. ఒకటి, రెండు అంటే తుఫాను దూరాన ఉంది. మూడు, నాలుగు అంటే ఈ రేవుకే గాలి ముప్పు. అయిదు నుంచి ఏడు వరకు ప్రమాదం, ఎనిమిది నుంచి పది వరకు మహా ప్రమాదం. పదకొండు ఎగిరిందంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని అర్థం. చాలామంది "పదో నంబరు వేయనీ, అప్పుడు చూద్దాం" అంటారు. పదో నంబరు పడ్డాక చూడ్డానికి ఏమీ ఉండదు. నారింజ రంగు పడిన పూటే, పగటి వెలుగు ఉండగానే కదలండి.

పగటి వెలుగు అని ఎందుకంటున్నానంటే, మన ఊళ్ల నుంచి పైకి వచ్చే దారులు ఎలాంటివో మీకు తెలుసు. ఎక్కడో ఒకచోట గెడ్డ దాటాలి. శారద, వరాహ, తాండవ నదులు ఈ తీరంలోనే సముద్రంలో కలుస్తాయి. పైన వాన కురిసి నది పొంగుతుంది, కింద సముద్రం ఎత్తుకుని ఆ నీటిని పోనివ్వదు. నది వెనక్కి తన్ని పొలాల్లోకి, రోడ్ల మీదికి ఎక్కుతుంది. ఉప్పెన ఇంకా రాకముందే మీ దారి మూసుకుపోవచ్చు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు నీరు వెయ్యి కిలోలు తూగుతుంది. అది పరుగెత్తుకుంటూ వస్తే తాటాకు పాక ఎంత, పెంకుటిల్లు ఎంత?

ఇక అసలు కష్టానికి వద్దాం. మనుషులు మూర్ఖులై ఆగిపోరు. వారికి కారణాలుంటాయి. అందులో మొదటిది పడవ.

ఇసుక మీద నిలిపిన పడవ అంటే పట్నంలో ఉన్నవారికి ఒక చెక్కముక్కలా కనబడవచ్చు. కానీ అది ఆ ఇంటి పొలం, అది ఆ ఇంటి దుకాణం, అది ఆడపిల్ల పెళ్లి. ఇంజను, వలలు కలిపితే లక్షలు. ఆ లక్షల్లో చాలా భాగం వడ్డీకి తెచ్చినవి. ప్రాణం ముఖ్యం, వస్తువు కాదు అని డాబా ఇంట్లో కూర్చుని చెప్పడం తేలిక. పడవ పోతే మిగిలిన ప్రాణం ఏమి తిని బతకాలి అని ఆ సహోదరుడు అడిగితే మన దగ్గర జవాబుండాలి.

నేను చెప్పగలిగింది ఇది. రెండు రోజుల ముందే, పసుపు రంగు పడగానే, వేటకు వెళ్లకుండా పదిమందీ కలిసి పడవలను వీలైనంత పైకి లాగండి. ఇంజను విప్పి ఊరి వెనుక ఎత్తు చోటికి చేర్చండి. వలలు మూట కట్టి దానితోపాటే పంపండి. పడవను, దాని మీది రిజిస్ట్రేషన్ నంబరును, వలలను ఫోనులో ఫోటో తీసుకోండి. రేపు నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చినప్పుడు మీ చేతిలో ఆధారం ఉంటుంది. ఆ తరువాత పడవను వదిలేసి రండి. గంటకు 180 కిలోమీటర్ల గాలిలో ఒక మనిషి పడవ పక్కన నిలబడి చేయగలిగింది ఏమీ లేదు. రెండు రోజుల ముందు పదిమంది చేయగలిగింది చాలా ఉంది.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మీ ఇంట్లో మరొకసారి చదవండి. పడవ నడిపేవారికి అంతకంటే దగ్గరైన అధ్యాయం బైబిలులో లేదనిపిస్తుంది. క్రేతు దీవిలో మంచిరేవులు అనే చోట ఓడ ఆగింది. ప్రయాణానికి అనువైన కాలం దాటిపోయింది. పౌలు వద్దని హెచ్చరించాడు. శతాధిపతి పౌలు మాట కంటే నావికుని మాట, ఓడ యజమాని మాట ఎక్కువ నమ్మాడు. అది సహజమే కదా, వారు సముద్రం ఎరిగినవారు. పైగా ఆ పూట దక్షిణపు గాలి మెల్లగా వీచింది. ఆ మెల్లని గాలిని చూసి తమ ఆలోచన సరైనదే అనుకున్నారు. కాసేపటికే ఊరకులోను అనే పెనుగాలి వచ్చి పడింది. మన ఊళ్లలో చాటింపు వేసిన రోజు కాసే ఎండ ఆ మెల్లని గాలి లాంటిదే.

ఆ తరువాత జరిగింది కూడా గమనించండి. వారు సరుకులు పారవేశారు, ఓడ సామగ్రి పారవేశారు, చివరికి గోధుమలు కూడా సముద్రంలో పోశారు. ఓడ ముక్కలైపోయింది. అందులో ఉన్న 276 మందీ ఒడ్డుకు చేరారు. ఓడను కూడా కాపాడతానని దేవుడు పౌలుకు మాట ఇవ్వలేదు.

రెండో కారణం ఇల్లు, దొంగల భయం. దీనికి పోలీసువారిని కాపలా అడగవచ్చు, అడగాలి. బంగారం, రేషను కార్డు, ఆధారు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి నడుముకు కట్టుకోండి. మిగిలిన సామాను అటక ఎక్కించండి. పశువులుంటే ముందే తోలుకుపోండి. కుదరకపోతే పలుపు విప్పి వదలండి. కట్టు రాటకు కట్టేసిన గేదె ఈదలేదు.

మూడో కారణం గురించి మగవారు మాట్లాడరు. తుఫాను షెల్టరులో, బడి గదుల్లో వందమంది ఒకచోట పడుకోవాలి. మరుగుదొడ్డి ఒకటో రెండో ఉంటాయి. నీళ్లుండవు. ఈడొచ్చిన ఆడపిల్ల ఉన్న తల్లి, బాలింత, నెలలు నిండిన కోడలు ఉన్న అత్త, మంచం దిగలేని మామ్మ ఉన్న ఇల్లు, వీరంతా "ఎలాగోలా ఇక్కడే ఉందాం" అనుకుంటారు. ఆ ఇల్లాలిని తప్పుపట్టకండి. అనకాపల్లిలో, యలమంచిలిలో, నర్సీపట్నం వైపు ఉన్న సంఘాలవారలారా, మీరు చేయవలసిన పని ఉందని మొదట్లో అన్నాను కదా, అది ఇక్కడే ఉంది. ఒడ్డున ఉన్న కుటుంబం షెల్టరుకు రానంటుంది గాని చుట్టాలింటికి రమ్మంటే వస్తుంది. ఒక్కో కుటుంబానికి పైన ఒక్కో ఇల్లు ముందే చూసి పెట్టండి. తుఫాను వచ్చిన రోజు కాదు, అక్టోబరు రాకముందే. వెళ్లి మాట్లాడండి. "అక్కా, హెచ్చరిక పడిన రోజు నువ్వు, మామ్మ, పిల్లలు మా ఇంటికి వచ్చేయండి, అన్నం మేమే వండుతాం" అని పేరుపేరున పిలవండి. మైకులో చెప్పిన మాటకు లేవని మామ్మ మనవరాలి స్నేహితురాలు పిలిస్తే లేస్తుంది. ఆటో ఎవరిది, దానికి డబ్బు ఎవరు పెడతారు అన్నది కూడా ఆ రోజే తేల్చుకోండి. సంఘంలో నడవలేనివారి పేర్లు కాగితం మీద రాసి ఉంచండి. ఎవరు ఎవరిని ఎత్తుకొస్తారో కూడా ఎదురుగా రాయండి.

మందిరం గురించి కూడా ఒక మాట. దేవుని మందిరమే కదా, అందులో తలదాచుకుందాం అని చాలామందికి ఆశ. దాని పైకప్పు రేకులైతే, గోడలు పాతవైతే, అది ఒడ్డుకు దగ్గరలో పల్లంలో ఉంటే అందులోకి ఎవరినీ రానివ్వకండి. ఆదివారం మనం అక్కడ ప్రార్థించాం గనుక గాలి దాని రేకులను విడిచిపెట్టదు. కాంక్రీటు శ్లాబు ఉండి, ఎత్తు మీద ఉంటే సరే. ఆ సంగతి ఇంజనీరు చేత చూపించుకోండి.

"మేము ప్రార్థన చేసుకుంటూ ఇక్కడే ఉంటాం, ప్రభువు చూసుకుంటాడు" అనే సహోదరులూ మనలో ఉన్నారు. వారి విశ్వాసాన్ని నేను ఎగతాళి చేయను. కానీ దేవాలయ శిఖరం మీదినుంచి దూకు, దూతలు ఎత్తుకుంటారు అని మన ప్రభువుతో అన్నది ఎవరో మీకు తెలుసు. ఆయన దూకలేదు. ప్రార్థన బస్సులో కూడా చేసుకోవచ్చు. ముఖ్యంగా కాపరులారా, మీరు ఉంటే మీ వెనుక పది కుటుంబాలు ఉండిపోతాయి. మీరు మొదటి బస్సు ఎక్కితే ఆ పది కుటుంబాలూ ఎక్కుతాయి.

చివరిగా తిరిగి వచ్చే సంగతి. హుద్‌హుద్ రోజున విశాఖలో చాలామంది గాలి ఒక్కసారిగా ఆగితే అయిపోయిందనుకుని బయటికి వచ్చారు. అది తుఫాను కన్ను. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కునుంచి మళ్లీ అదే బలంతో వస్తుంది. మొదటి గాలికి వంగిన చెట్టు, కదిలిన గోడ, రెండో గాలికి పడతాయి. కాబట్టి గాలి నిలిచింది గదా అని పడవ చూసుకోవడానికి పరుగెత్తకండి. బ్యాటరీతో పనిచేసే రేడియో ఒకటి దగ్గర ఉంచుకుని, దాటిపోయిందని అధికారులు చెప్పేదాకా ఆగండి. ఆపదలో ఉంటే 112కు గాని 1070కి గాని ఫోను చేయండి. ఊళ్లోకి వెళ్లేటప్పుడు మొదట లైన్‌మేన్‌ను వెళ్లనివ్వండి, తెగిపడిన తీగలు నీటిలో కనబడవు. ఉప్పునీరు చేరిన బావి నీళ్లు తోడి, క్లోరిన్ వేసేదాకా పిల్లలకు తాగించకండి. మీ ఇంటి తలుపు తీసే ముందు కర్రతో తట్టి చూడండి. మీరు లేని ఆ రాత్రి పాములు కూడా పొడి చోటు వెతుక్కుని ఉంటాయి.